మలయ్, మలగాసీ, హవాయియన్ ఒక కుటుంబమైతే మన సవర ఎవరికి చుట్టం?

మన్యంగాలి:
అందరికీ నమస్కారం. "సవర, సంతాలీ, నికోబారీ, మలయ్, హవాయియన్ అన్నీ ఒకే ఆస్ట్రిక్ కుటుంబం" అని ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. ఆస్ట్రోఏషియాటిక్, ఆస్ట్రోనేషియన్ అన్న రెండు పేర్లూ ఒకదానికొకటి బదులు వాడేస్తున్నారు. ఈ రెండూ ఒకటేనా? వేరైతే ఏ ఆధారంతో వేరంటారు? మడగాస్కర్ భాషకీ హవాయి భాషకీ చుట్టరికం అంటే అసలు నమ్మబుద్ధి కావడం లేదు. మధ్యలో రెండు మహాసముద్రాలున్నాయి కదా.

ధ్వనిసూత్రం:
రెండూ వేర్వేరు కుటుంబాలండీ. సవర, గదబ, సంతాలీ, ఖాసీ, నికోబారీ, ఖ్మేర్, వియత్నామీ భాషలు ఆస్ట్రోఏషియాటిక్. మలయ్, జావనీస్, తగాలోగ్, మలగాసీ, చామ్, మావోరీ, హవాయియన్, వీటితోపాటు తైవాన్ ఆదివాసుల భాషలు ఆస్ట్రోనేషియన్. ఇందులో దాదాపు 1,200 భాషలున్నాయి. పడమట మడగాస్కర్, తూర్పున ఈస్టర్ ద్వీపం, ఉత్తరాన తైవాన్, హవాయి, దక్షిణాన న్యూజిలాండ్ దీని హద్దులు.

సంతాలీలో మూడు, నాలుగు "పే, పోన్". వియత్నామీలో "బా, బోన్", ఖ్మేర్‌లో "బెయ్, బువన్". వీటి మధ్య పోలిక కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు అవతలి కుటుంబంలో ఇవే అంకెలు చూడండి: జావనీస్ "తెలు, పపత్", తగాలోగ్ "తత్లో, ఆపత్", మలగాసీ "తేలు, ఎఫట్ర", సమోవన్ "తోలు, ఫా". రెండు గుంపులూ వేరని ఇట్టే తెలిసిపోతుంది.

"ఆస్ట్రిక్" అన్నది విల్హెల్మ్ ష్మిట్ 1906లో ప్రతిపాదించిన ఊహ. ఈ రెండు కుటుంబాలకూ ఇంకా పాత మూలం ఒకటి ఉందని ఆయన వాదన. ఆయన ఎక్కువగా ఆనుకున్నది మాటల పోలికల మీద కాదు, ప్రత్యయాల మీద. ధాతువు మధ్యలో దూరే "-ఉమ్-" లాంటివి, ప్రేరణార్థంలో ముందు చేరే "ప-" లాంటివి నికోబారీలోనూ ఉన్నాయి, ఫిలిప్పీన్స్ భాషల్లోనూ ఉన్నాయి. ఆ వాదన ఇప్పటికీ పూర్తిగా చావలేదు, కానీ ఎక్కువమంది ఒప్పుకున్న సిద్ధాంతమూ కాదు. రుజువైన విషయంలా చెప్పడం మాత్రం తప్పు.

సరళ_విశాఖ:
సవర పేరు వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తి గారిని తలుచుకోవాలి. 1931లో సవర భాషా మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆయనవే. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం ప్రాంతాల భాష ప్రపంచ పండితుల బల్ల మీదకు చేరిందంటే ఆయన చలవే. వాడుక తెలుగు ఉద్యమం నీడలో ఈ పని మరుగున పడిపోవడం అన్యాయం.

నాకో అనుమానం. "కన్ను" మలయ్‌లో "మాతా", సంతాలీలో "మెత్", వియత్నామీలో "మత్". ఇది పోలిక కాదా?

ధ్వనిసూత్రం:
ఆస్ట్రిక్ వాదులు మొదట చూపించే మాట ఇదేనండీ. అయితే ఒక్క మాటతో చుట్టరికం తేలదు. పొట్టి మాటలు, అందులోనూ మ, త, న లాంటి ఎక్కడైనా దొరికే ధ్వనులున్నవి, కాకతాళీయంగా కలవడం మామూలే. గ్రీకులో కూడా కన్ను "మాతి". అలాగని గ్రీకుకీ మలయ్‌కీ చుట్టరికం కట్టలేం.

చూడాల్సింది పోలిక కాదు, క్రమబద్ధమైన తేడా. ఒక భాషలో ఫలానా ధ్వని ఉన్నచోటల్లా రెండో భాషలో ఫలానా ధ్వనే రావాలి, మాట మార్చినా అది మారకూడదు. మలగాసీ సంగతే తీసుకుందాం. మూలభాషలోని "ప" మలగాసీలో "ఫ" అయింది, "బ" అయితే "వ" అయింది, "క" అయితే "హ" అయింది. ఏడుకి తగాలోగ్ "పితో", జావనీస్ "పితు", మలగాసీ "ఫితు". రాయికి మలయ్ "బాతు", మలగాసీ "వాతు". చంద్రుడికి మలయ్ "బులన్", మలగాసీ "వులన". చర్మానికి మలయ్ "కులిత్", మలగాసీ "హుడిట్ర".

ఆ చివరి మాటలో ఇంకో రెండు సూత్రాలు దాగి ఉన్నాయి. "ఇ"కి ముందున్న "ల" మలగాసీలో "ద/డ" అవుతుంది: కులిత్–హుడిట్ర, లిమా–దిమీ (ఐదు), తెలింగా–తదినీ (చెవి). మాట చివర "త" ఉంటే "ట్ర" అవుతుంది: లాంగిత్–లానిట్ర (ఆకాశం), ఎంపత్–ఎఫట్ర (నాలుగు). ఇన్ని మాటల్లో ఇన్ని సూత్రాలు ఒకేసారి కాకతాళీయంగా కలవడం జరిగే పని కాదు. మడగాస్కర్ సంగతి నమ్మించేది ఇదే. మలగాసీకి అతి దగ్గరి చుట్టం ఆఫ్రికాలో లేదు, బోర్నియో ఆగ్నేయంలో బరితో నది దగ్గర మాట్లాడే మఅన్యాన్ అని ఓట్టో క్రిస్టియన్ డాల్ 1951లో చూపించాడు.

(మలగాసీ రాతలో "o" అక్షరాన్ని "ఉ" అని పలుకుతారు. పుస్తకంలో ఉన్నట్టు "వాటో, వోలన" అని చదివితే పోలికలు సగం చెడతాయి.)

పినాంగ్_వాసి:
మలయ్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లకి ఒక హెచ్చరిక. మలయ్ పుస్తకం తెరవగానే "బహాసా, గురు, కెపాలా (తల), సువామి (భర్త), కెర్జా (పని)" కనిపిస్తాయి. భాష, గురువు, కపాలం, స్వామి, కార్యం అన్న మాటలే ఇవి. తగాలోగ్‌లో ముఖం "ముఖా", దేవత "దివతా". ఇవన్నీ సంస్కృతం నుంచి వెళ్లిన అరువు మాటలు. "కెడై" (కొట్టు), "కపల్" (ఓడ), "కోలమ్" (కొలను) తమిళం నుంచి వెళ్లాయి. వీటిని పట్టుకుని "మలయ్ మన భాషే" అంటే పొరపాటు. పోల్చే ముందు అరువు మాటలన్నీ ఏరి పక్కన పెట్టాలి.

అంకెల్లోనూ ఒక చిక్కుంది. మలయ్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది "తుజుహ్, దెలాపన్, సెంబిలన్". పాత "పితు, వలు, సివా" వరస పోయి వీటి స్థానంలో కొత్తవి పుట్టాయి. పది నుంచి రెండు తీసేస్తే ఎనిమిది, ఒకటి తీసేస్తే తొమ్మిది అన్న లెక్క మీద ఆ రెండు మాటలూ కట్టారు. కాబట్టి అంకెల పట్టికకి మలయ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బతింటారు. జావనీస్‌నో తగాలోగ్‌నో తోడు తెచ్చుకోవాలి.

మన్యంగాలి:
మరి మలయ్ "దువా" (రెండు)? ఇది సంస్కృత "ద్వ"లానే ఉంది. ఇదీ అరువేనా?

ధ్వనిసూత్రం:
కాదు. కానీ ఈ ఉచ్చులో మహామహులే పడ్డారు. ఇండో–యూరోపియన్ తులనాత్మక వ్యాకరణానికి పునాది వేసిన ఫ్రాంజ్ బాప్ కూడా 1841లో మలయో–పాలినేషియన్ (ఆస్ట్రోనేషియన్‌లో తైవాన్ బయటి శాఖ) భాషల్ని సంస్కృతం సంతానంగా నిరూపించబోయాడు.

తేల్చేది తైవాన్. అక్కడి పైవాన్ భాషలో రెండు "డుసా", బునున్‌లో "దుసా". ఆ మధ్యలోని "స" ద్వీపాల వైపు వచ్చేసరికి అరిగిపోయి మలయ్‌లో "దువా", మలగాసీలో "రువా", సమోవన్‌లో "లువా" మిగిలింది. మూలరూపంలో "స" ఉంది కనుక "ద్వ"తో సంబంధం లేదు. చేపకీ ఇంతే: మూలరూపం మొదట్లో "స" ఉండేది. తైవాన్ దాటాక అది పోయి మలయ్‌లో "ఇకన్", ఫిజీ, మావోరీల్లో "ఇకా", హవాయియన్‌లో "ఇ–అ".

తైవాన్‌కి అంత ప్రాముఖ్యం ఇందుకే. రాబర్ట్ బ్లస్ట్ 1999లో వేసిన వర్గీకరణలో కుటుంబానికి 10 ప్రధాన శాఖలు. వాటిలో 9 ఒక్క తైవాన్‌లోనే ఉన్నాయి. ఆ బయట మాట్లాడేవన్నీ, మడగాస్కర్ నుంచి ఈస్టర్ ద్వీపం దాకా, పదో శాఖ. శాఖలు ఎక్కువగా చీలిన చోటే భాష ఎక్కువ కాలం ఉండి ఉంటుంది, మూలస్థానం తైవాన్ అనడానికి భాషాపరమైన ఆధారం అదే. అన్ని వివరాల్లోనూ అందరూ ఏకీభవించరు. బ్లస్ట్ చెప్పిన తొమ్మిది శాఖల్ని మరో రకంగా కలిపేవాళ్లున్నారు, మూలస్థానం మీద మాత్రం పెద్ద వివాదం లేదు.

తెరచాప_కాకినాడ:
భాషల మాట మీరు చూసుకోండి, పడవల సంగతి నేను చెప్తాను. ఈ జనం అంత దూరం ఎలా వెళ్లగలిగారో పడవ చూస్తే తెలుస్తుంది. ముందు ఒక అపోహ తీసేయాలి. "కాటమరాన్" అన్న ఇంగ్లీషు మాట తమిళ "కట్టుమరం" నుంచి వచ్చింది. అంటే మన తీరంలోని తెప్ప, దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్లతో బిగించేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచే జంట పడవ మాత్రం పాలినేషియన్ల నమూనా. పేరు మన తీరానిది, పడవ వాళ్లది.

ఆస్ట్రోనేషియన్ల అసలు ముద్ర పక్కదుంగ పడవ. సన్నటి పొడవాటి పడవకి కొంత ఎడంగా ఒక తేలిక దుంగ, రెంటినీ కలుపుతూ అడ్డకర్రలు. సన్నటి పడవ నీటిని బాగా కోసుకుంటూ పోతుంది కానీ తిరగబడుతుంది. పక్కదుంగ ఆ తిరగబడడాన్ని ఆపుతుంది. పాలినేషియాలో ఆ దుంగని "అమా" అంటారు. అడ్డకర్ర హవాయియన్‌లో "ఇయాకో", మావోరీలో "కియాతో". పడవ మావోరీలో "వకా", ఫిజీలో "వంగా", సమోవన్‌లో "వ–అ".

ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ పడవలకి రెండు వైపులా దుంగలుంటాయి. మైక్రోనేషియా పడవకి ఒకే వైపు. ఒకే దుంగ ఉన్న ఈ పడవని నడపడంలో కిటుకంతా ఒక్క నియమంలో ఉంది: దుంగ ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలి. గాలి తెరచాపని నెట్టినప్పుడు పడవ అవతలికి ఒరగబోతుంది. ఇవతలి దుంగ బరువు దాన్ని వెనక్కి లాగుతుంది. గాలి బలంగా ఉంటే దుంగ పైకి లేస్తుంది, అప్పుడు మనుషులు అడ్డకర్రల మీదుగా దుంగ వైపు జరిగి బరువు పెడతారు.

మన్యంగాలి:
మరి దిశ మార్చాలంటే? గాలికి ఎదురుగా వంకరటింకరగా పోవాలంటే పడవని తిప్పాలి కదా, అప్పుడు దుంగ అవతలి వైపు పడదా?

తెరచాప_కాకినాడ:
సరైన ప్రశ్న. వాళ్లు పడవని తిప్పరు, ముందు వెనకల్ని మార్చేస్తారు. పడవ రెండు కొసలూ ఒకేలా ఉంటాయి.

ముందు గాలి సూటిగా పక్కనుంచి తగిలేలా పడవని నిలుపుతారు. తెరచాపని పట్టి ఉంచిన తాడు వదిలేస్తారు, చాప గాలికి రెపరెపలాడి వేగం చచ్చిపోతుంది. ముక్కోణపు చాప కింది మూల, దాని వాసం అడుగు భాగం ముందు కొసన ఒక గూట్లో ఆని ఉంటాయి. ఒకళ్లు దాన్ని ఎత్తి పట్టుకుని పడవ పొడవునా నడిచి రెండో కొసన ఉన్న గూట్లో దింపుతారు. నడిమి స్తంభం ముందుకి వంగి ఉంటుంది కదా, దాన్ని కూడా కొత్త ముందు వైపుకి వంచుతారు. చుక్కాని తెడ్డు ఇవతలి కొస నుంచి అవతలికి మారుతుంది. తాడు లాగి బిగిస్తే చాప గాలి పట్టుకుంటుంది. వెనక కొస ఇప్పుడు ముందు కొస అయింది, దుంగ మాత్రం గాలి వైపే ఉంది.

ఎక్కడ చెడుతుందంటే, వాసం మోసుకెళ్తున్నప్పుడు పడవ తిరిగి గాలి అవతలి వైపు నుంచి తగిలితే. చాప స్తంభానికి అతుక్కుపోతుంది. స్తంభాన్ని పట్టి ఉంచే ప్రధానమైన తాళ్లు దుంగ వైపు ఉంటాయి, అవతల ఆసరా ఉండదు. దుంగ నీళ్లలో మునుగుతుంది. స్తంభం కూలడమో పడవ బోల్తా పడడమో ఖాయం. అందుకే చాప తాడు వదిలాక పడవ పూర్తిగా నెమ్మదించేదాకా ఆగుతారు, తొందరపడరు.

ఇంకో విశేషం. మైక్రోనేషియా పడవ పొట్ట రెండు వైపులా ఒకేలా ఉండదు. దుంగ వైపు గుండ్రంగా, అవతలి వైపు కాస్త చదునుగా చెక్కుతారు. దుంగ నీటి ఒరిపిడికి పడవ ముక్కు అటే లాగుతూ ఉంటుంది, ఈ వంకర ఆ లాగుడుని సరిచేస్తుంది. శ్రీలంక తీరంలోని "ఓరు" పడవకీ ఒకే పక్కదుంగ, అదీ కొసలు మార్చే పద్ధతిలోనే నడుస్తుంది. నికోబార్ పడవలకీ పక్కదుంగ ఉంది.

సరళ_విశాఖ:
నికోబారీ ఆస్ట్రోఏషియాటిక్, సింహళం ఇండో–ఆర్యన్. అంటే పడవ ఒకరిది, భాష ఇంకొకరిది అన్నమాట. ఆ వాట్సాప్ సందేశం తప్పుదోవ పట్టింది ఇక్కడే అనుకుంటా. వస్తువు కలిసిందని భాష కలిపేశారు.

ధ్వనిసూత్రం:
అవునండీ. వస్తువులు చేతులు మారతాయి, భాష రాకపోయినా పొరుగువాడి పడవ చూసి చేసుకోవచ్చు. అందుకే పడవ ఆధారాన్ని, భాష ఆధారాన్ని విడివిడిగా తూచాలి.

పినాంగ్_వాసి:
తూర్పు, పడమరల సంగతి కూడా చెప్పుకోవాలి. నాకు ఈ మొత్తం విషయంలో ఎక్కువ ఇష్టమైనది ఇదే.

మలయ్‌లో "తిమూర్" తూర్పు, "బారత్" పడమర. తగాలోగ్‌లో "తిమోగ్" దక్షిణం, "హబగత్" నైరుతి రుతుపవనం. ఫిలిప్పీన్స్‌లోనే ఇలోకానో భాషలో "అబగతన్" దక్షిణం. మలగాసీలో "అత్సిము" దక్షిణం, "అవారట్ర" ఉత్తరం. అవే మాటలు, దిక్కులే తారుమారు. కారణం, ఇవి మొదట గాలుల పేర్లు. ఏ ఊళ్లో ఆ గాలి ఎటు నుంచి వీస్తే ఆ దిక్కుకి ఆ పేరు స్థిరపడింది. మడగాస్కర్‌కి వానగాలి ఉత్తరం వైపు నుంచి వస్తుంది, అందుకే అక్కడ ఉత్తరం "అవారట్ర". ఆ భాషలో పిడుగుకి "వారట్ర" అంటారు.

బాలీ ఇంకా విచిత్రం. అక్కడ "కజ" అంటే కొండ వైపు, "కెలోద్" అంటే సముద్రం వైపు. ద్వీపం మధ్యలో కొండలు. దక్షిణ బాలీలో "కజ" ఉత్తరం. కొండ దాటి సింగరాజాకి వెళ్తే అదే "కజ" దక్షిణం అవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఇంటి గుడి "కజ" వైపున రావాలి కనుక, ఉత్తరం అని అనువదించుకుని ప్లాను గీస్తే ఉత్తర బాలీలో మొత్తం తలకిందులవుతుంది. హవాయిలో ఇదే పద్ధతికి "మౌకా" (కొండ వైపు), "మకాయ్" (సముద్రం వైపు) అంటారు, ఈనాటికీ దారి చెప్పడానికి వాడతారు.

ధ్వనిసూత్రం:
పినాంగ్_వాసి గారు చెప్పినదాంట్లో ఒక బంగారు తునక ఉంది. తిమూర్–తిమోగ్, బారత్–హబగత్. మలయ్ "ర" ఉన్నచోట తగాలోగ్ "గ". నరానికి మలయ్ "ఊరత్", తగాలోగ్ "ఉగత్" (అక్కడ వేరు అన్న అర్థం కూడా ఉంది), బోర్నియోలోని ఙాజూ భాషలో "ఉహత్". కొబ్బరికి మలయ్ "న్యియూర్", తగాలోగ్ "నియోగ్", సమోవన్, హవాయియన్ "నియు", మలగాసీ "వువానియు". ర–గ–హ వరసని 19వ శతాబ్దంలో డచ్ పండితుడు వాన్ డెర్ టూక్ గుర్తించాడు, ఈ రంగంలో మొదటి ధ్వనిసూత్రం అదే.

ఈ సూత్రంతోనే అరువు కూడా పట్టుకోవచ్చు. ఆ ధ్వని మలగాసీలో సాధారణంగా రాలిపోతుంది: రక్తం మలయ్‌లో "దారహ్", మలగాసీలో "రా". మరి "అవారట్ర"లో "ర" ఎందుకు మిగిలింది? సొంత వారసత్వం అయితే ఉండకూడదు. కాబట్టి అది మలయ్ ఓడవాళ్ల నోటి నుంచి తర్వాత వచ్చి చేరిన మాట అని పండితుల అభిప్రాయం. మడగాస్కర్‌కి వెళ్లిన ప్రయాణంలో మలయ్ నావికుల పాత్ర ఉందనడానికి ఇలాంటి మాటలే సాక్ష్యం.

చుక్కలదారి:
ఆలస్యంగా చేరాను. దిక్కుల గురించి మాట్లాడుతూ నక్షత్రాలు వదిలేస్తే ఎలా?

మైక్రోనేషియాలోని కరొలైన్ దీవుల నావికులకి దిక్సూచి ఆకాశమే. ఏ చుక్క ఎక్కడ ఉదయిస్తుందో, ఎక్కడ అస్తమిస్తుందో ఆ బిందువులతో దిగంతాన్ని 32 భాగాలు చేస్తారు. ఒక చుక్క కాస్త పైకి లేచాక దిశ చెప్పడానికి పనికిరాదు, అప్పుడు అదే చోట ఉదయించే తర్వాతి చుక్కని పట్టుకోవాలి. రాత్రంతా ఇలా వరసగా చుక్కలు మారతాయి, ఆ వరస కంఠస్థం కావాలి. మబ్బు పడితే అలల పోటు ఆధారం. రెండు మూడు దిక్కుల నుంచి వచ్చే పెద్ద అలలు పడవని ఎలా ఊపుతున్నాయో ఒంటితో పసిగడతారు.

దూరం లెక్కకి "ఎతక్" అనే పద్ధతి. దారికి పక్కగా ఎక్కడో ఉన్న మూడో దీవిని గుర్తు పెట్టుకుంటారు. పడవ నిలిచి ఉందనీ, ఆ దీవే వెనక్కి జరుగుతోందనీ లెక్క. ఆ దీవి ఒక చుక్క కింద నుంచి ఇంకో చుక్క కిందకి జరిగితే ప్రయాణంలో ఒక అంచె పూర్తయినట్టు.

అక్షాంశం, అంటే ఉత్తర–దక్షిణాల్లో ఎంతవరకు వచ్చామో, తెలియడానికి నడినెత్తిన వచ్చే చుక్క ఆధారం. మన స్వాతి హవాయి మీదుగా దాదాపు నడినెత్తిన పోతుంది. హవాయియన్‌లో దాని పేరు "హోకూలేఅ". మృగవ్యాధుడు (సిరియస్) తహితీకి అలాంటి చుక్క. హోకూలేఅ అన్న పేరుతోనే కట్టిన 62 అడుగుల జంట పడవని కరొలైన్ దీవుల్లోని సతవాల్‌కి చెందిన మావ్ పియాయ్‌లుగ్ 1976లో పరికరాలు లేకుండా హవాయి నుంచి తహితీకి చేర్చాడు. మే 1న మావీ దీవి నుంచి బయలుదేరి జూన్ 4న తహితీలోని పపేటేలో దిగారు. ఈ జనం గాలికి కొట్టుకుపోయి దీవులకి చేరారన్న వాదనకి అది గట్టి జవాబు.

సరళ_విశాఖ:
వ్యాకరణం గురించి ఒక్క ప్రశ్న. మలయ్‌లో "కితా, కామీ" అని రెండు ఉన్నాయని విన్నాను. మన "మనం, మేము" లాంటివేనా?

పినాంగ్_వాసి:
అచ్చంగా అవే. వినేవాళ్లని కలుపుకుంటే "కితా", కలుపుకోకపోతే "కామీ". హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఇక్కడ తడబడతారు, తెలుగువాళ్లకి మొదటి రోజే వచ్చేస్తుంది. మలగాసీలో "ఇసికా, ఇజహై". తగాలోగ్‌లో "తాయో, కామీ".

ధ్వనిసూత్రం:
పాలినేషియన్లు ఇంకో మెట్టు పైకి వెళ్లారు. మావోరీలో నువ్వూ నేనూ ఇద్దరమే అయితే "తావువా", అంతకన్నా ఎక్కువైతే "తాతోవు". నిన్ను వదిలేసి మేమిద్దరం అంటే "మావువా", మేమంతా అంటే "మాతోవు". చివరి ముక్కల్లో రెండు, మూడు అన్న అంకెలే అరిగిపోయి ఉన్నాయి.

తెలుగుతో ఈ పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం మాత్రం కట్టకండి. మనం–మేము తేడా ద్రావిడ భాషల సొంతం, ప్రపంచంలో చాలా కుటుంబాల్లో విడివిడిగా పుట్టింది. అలాగే తగాలోగ్‌లో "అమా" అంటే నాన్న, "ఇనా" అంటే అమ్మ. మన "అమ్మ"తో పోల్చి సంబరపడేవాళ్లని చూస్తుంటాం. పసిపిల్లల నోట మొదట పలికే మాటలు ఏ భాషలోనైనా ఇలాగే ఉంటాయి, అవి రుజువుకి పనికిరావు. పాలినేషియన్ పక్కదుంగ "అమా" మళ్లీ వేరే మాట, దాని మూలరూపంలో ముందు "స", చివర "న" ఉండేవి.

మన్యంగాలి:
చాలా స్పష్టమైంది. సొంతంగా పరీక్షించి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ధ్వనిసూత్రం:
నాలుగు భాషలు ఎంచుకోండి: తగాలోగ్, మలయ్, మలగాసీ, సమోవన్. వీలైతే తైవాన్ నుంచి పైవాన్ ఒకటి. శరీర భాగాలు, అంకెలు, నీరు, నిప్పు, రాయి, దారి, ఆకాశం, చనిపోవడం, తినడం లాంటి 100 మాటలు రాసుకోండి. మతం, వ్యాపారం, పాలన మాటలు వద్దు, వాటిలో అరువు ఎక్కువ. దారి అన్న మాటతో మొదలుపెడితే పని త్వరగా పట్టుబడుతుంది: మలయ్ "జలన్", జావనీస్ "దలన్", తగాలోగ్ "దాఅన్", మలగాసీ "లాలన", ఫిజీ "సలా", సమోవన్ "అలా", మావోరీ "అరా". ఇందులో తగాలోగ్ మధ్యలో "ల" పోగొట్టుకుంది. ఫిజీ, పాలినేషియన్ భాషలు చివరి హల్లుని వదిలేశాయి. మావోరీ "ల"ని "ర" చేసింది. ఈ మూడూ మిగతా 99 మాటల్లోనూ నిలుస్తాయో లేదో చూడండి. నిలవని మాట దొరికితే కొట్టేయకండి, విడిగా రాసిపెట్టుకోండి. అది అరువైనా అయి ఉంటుంది, మీకింకా దొరకని సూత్రమైనా అయి ఉంటుంది. పక్కనే సవర వరస కూడా రాయండి.